ఛాయావనములందు నిత్యహరిత భూచ్ఛాదనము

చెట్ల క్రిందను గోడల చాటునను సూర్యరశ్మి నేరుగా సోకని తావులలో, ఏడాది పొడుగునను ఆకు విడువక, మూరెడెత్తునకు మించక ఎదిగి, ప్రక్కలకు ప్రాకుచు, కొంతకాలమునకు మట్టి కంటికి కానరాకుండ నేలను కప్పివేయు మొక్కలకు నిత్యహరిత భూచ్ఛాదనములని పేరు. వాడుకలో వీనిని నేలకప్పు మొక్కలు అనవచ్చును. ఇది వృక్షశాస్త్రజ్ఞులు ఏర్పఱచిన వర్గము కాదు, తోటమాలి తన పనిని బట్టి కూర్చుకొన్న వర్గము; కావున గన్నేరు కుటుంబపు తీగయు, మిరియపు కుటుంబపు తీగయు, శతావరి కుటుంబమునకు చెందియు గడ్డివలె కానవచ్చు మొక్కయు, ఫెర్నులును, పువ్వు నెఱుగని నాచులును ఇందు ఒకే పంక్తిని కూర్చుండును. తక్కువ వెలుగుతో బ్రదుకగలుగుట, పైనున్న చెట్టు వేళ్ళతో పోటీపడి నీరు సంపాదించుకొనగలుగుట, ఒకచోట నాటినది తనంతట తాను నలుగడల విస్తరించుట అనునవి వీనియందు కోరదగిన గుణములు. మొదటి గుణమును గూర్చి ఉద్యానగ్రంథములు విశేషముగా చెప్పును. రెండవదానిని గూర్చి చెప్పునది తక్కువ. నీడతోటలు పెక్కు పాడగుట మాత్రము రెండవదాని లోపము వలననే.

నీడపట్టున పచ్చదనము కావలెనన్నప్పుడు ఎవరికైనను మొదట తోచునది గడ్డి. మన గరిక ఎండను నమ్ముకొన్న జాతి. తీవ్రమైన వెలుగును వేడిమిని అత్యంతము నేర్పుతో వినియోగించుకొను కిరణజన్య సంయోగక్రియా విధానము దానికి కలదు గాని, అదే విధానము నీడలో దానికి మోయరాని బరువగును. మామిడిచెట్టు క్రింద గరికను పఱచినచో తొలకరిలో కనులపండువుగా పచ్చబడి, చలికాలమునకు పలుచనై, మరుసటి వేసవికి మట్టి మాత్రమే మిగులును. ఈ వ్యాసకర్త మూడేండ్లు వరుసగా ఆ ప్రయోగము చేసి, మూడేండ్లును ఒకే ఫలితమును పొంది, నాల్గవయేట గాని తన మొండితనమును విడువజాలకపోయెను.

నీడ యనునది ఒక్కటి కాదు. నడివేసవి మధ్యాహ్నమున ఆరుబయటి వెలుగు సుమారు లక్ష లక్సులుండగా, దట్టమైన ఆకుగుబురు క్రింద అందులో నూఱవ వంతో ఇరువదవ వంతో మాత్రమే నేలకు చేరును. పరిమాణమే కాక వెలుగు స్వభావమును మాఱిపోవును: ఎఱ్ఱని కిరణములను నీలి కిరణములను పైయాకులు త్రాగివేయగా క్రిందికి జాఱునవి ఆకుపచ్చని కిరణములును, మానవనేత్రమునకు దాదాపు అగోచరములైన దూరారుణ కిరణములును. ఎఱుపునకును దూరారుణమునకును గల పాలు మాఱుటను పసిగట్టు వర్ణకమొకటి మొక్కలలో కలదు. ఫైటోక్రోమ్ అను దీని ఉనికిని 1959లో అమెరికా దేశమున మేరీలాండ్ రాష్ట్రమందలి బెల్ట్స్‌విల్ పరిశోధనాకేంద్రపు శాస్త్రజ్ఞులు రూఢిపఱచిరి. ఎండను కోరు మొక్కకు ఈ వర్ణకము ద్వారా తనపై నీడ పడినదను వార్త అందినంతనే అది కాడలను పొడిగించి, ఆకులను పలుచన చేసికొని, నీడను దాటి పైకెగయవలెనని ప్రయత్నించి, ఉన్న శక్తిని ఆ ప్రయత్నములోనే వెచ్చించి నీరసించును. నీడలో పుట్టిపెరిగిన జాతి అట్టి తొందర పడదు. వెడల్పైన పలుచని ఆకులతో, మందమైన శ్వాసక్రియతో, మితవ్యయముతో సంసారము నెట్టుకొని వచ్చుచు, కొమ్మల సందులనుండి నేలపై కదలాడు ఎండపొడ తనపై నిలుచు కొద్ది నిముషములలోనే ఆ దినపు సంపాదనలో అధికభాగమును కూడబెట్టుకొనును. ఈ కారణము చేతనే ఈ మొక్కలు పెక్కింటికి ఎదుగుదల నెమ్మది, ఆకునకు ఆయువు దీర్ఘము. నిత్యహరితత్వమన్నది నీడకు ఒకానొక ఆర్థిక సమాధానమని చెప్పినను తప్పు లేదు, ఏలయన ఇంత కష్టపడి కట్టుకొన్న ఆకును ఏటేట రాల్చి మరల కట్టుకొనుట పేదవానికి సాధ్యము కాదు.

తోటమాలికి ఈ భేదములకంటె అక్కఱకు వచ్చునది గోడనీడకును చెట్టునీడకును గల భేదము. గోడనీడలో వెలుగు తక్కువైనను నేలలో పోటీదారు లేడు. పోసిన నీరంతయు మొక్కదే. చెట్టునీడలోనో, చెట్టు తినుటకు త్రాగుటకు ఉపయోగించు సన్నని వేళ్ళలో అధికభాగము నేల పైపొరలో, సుమారు మోకాలిలోతున, కొమ్మల విరివిని దాటి కూడ అల్లుకొని యుండును. వాన కురిసినను మొదటి జల్లును ఆకులే పట్టి నిలుపును. నేలను చేరిన కొంచెమును ఆ వేళ్ళు ముందుగా పీల్చును. వేప క్రిందను చింత క్రిందను వెలుగు చక్కగా దిగుచున్నను నేల వెలవెలపోవుటకు కారణము ఈ ఎండిన నీడయే. గోడనీడను గూర్చి మఱొక మాట. ఐరోపావారి పుస్తకములలో ఉత్తరపు గోడ క్రింద ఎన్నడును మధ్యాహ్నపుటెండ పడదని వ్రాయబడియుండును. వారి అక్షాంశములకు అది సత్యమే. హైదరాబాదు 17 డిగ్రీలు దాటిన ఉత్తర అక్షాంశముననే యుండుట చేత, మే రెండవ వారము మొదలుకొని ఆగస్టు ఆరంభము వఱకు మధ్యాహ్నసూర్యుడు అచట నడినెత్తికి ఉత్తరముననే యుండును. అనగా సంవత్సరమున మిక్కిలి కఱకైన ఎండ ఆ గోడ పాదమునకే తగులును. పరదేశపు పుస్తకమును చూచి ఉత్తరపు గోడవార ఫెర్నులు నాటినవారు రోహిణి కార్తెలో వానిని పోగొట్టుకొనుటకు రహస్యమిదియే.

చెట్ల క్రింది నేలను త్రవ్వి నున్నగా వట్టిగా ఉంచుట గొప్ప తోటలకు శోభ యని ఐరోపాలో చిరకాలము నమ్మిరి. దానిని నిరసించి, చలికి ఓర్చు మొక్కలను స్వేచ్ఛగా అల్లుకొననిచ్చి ఆ నేలను కప్పుడని వాదించినవారిలో ప్రముఖుడు విలియం రాబిన్సన్. ఆతని ‘ది వైల్డ్ గార్డెన్’ 1870లో వెలువడెను. ఐనను ఈ పద్ధతి సామాన్యగృహస్థుల తోటలలోనికి దిగినది రెండవ ప్రపంచయుద్ధానంతరము, కూలికి తోటమాలులను పెట్టుకొను స్తోమత తగ్గి, కలుపుతీత యజమానుల నడుములమీదికే వచ్చిన కాలమున. అమెరికాలో డొనాల్డ్ వైమన్ 1956లోను, ఇంగ్లండులో మార్జరీ ఫిష్ 1964లోను, గ్రాహం స్టూవర్ట్ థామస్ 1970లోను ఈ మొక్కలను గూర్చియే ప్రత్యేకగ్రంథములు ప్రకటించిరి. సౌందర్యశాస్త్రము కంటె నడుమునొప్పియే ఈ వాఙ్మయమునకు మూలప్రేరణ యని చెప్పుట గ్రంథకర్తలకు అగౌరవము కాజాలదు.

శీతలదేశముల నేలకప్పులలో ప్రాచీనమైనదిగా వింకా మైనర్ అను తీగను చెప్పుకొనవచ్చును. మధ్య, దక్షిణ ఐరోపా ఖండపు అడవులు దీని పుట్టినిల్లు. కాడలు సన్ననివై నేలపై సాగుచు తాకినచోటనెల్ల కణుపులవద్ద వేరూనును. ఆకులు చిన్నవి, ఎదురెదురుగా నుండునవి, తోలువలె గట్టివి, నిగనిగలాడునవి. వసంతమున అయిదు ఱేకుల నీలిపువ్వులు పూచును. ఎత్తు సాధారణముగా 20 సెంటీమీటర్లకు మించదు. తెలుగు పాఠకునకు ఈ పువ్వును చూచినంతనే మన పెరటి బిళ్ళగన్నేరు స్మరణకు వచ్చును; వచ్చుట న్యాయమే, ఏలయన లిన్నేయస్ బిళ్ళగన్నేరును కూడ వింకా జాతిలోనే చేర్చి వింకా రోజియా అని పేరిడెను; 1837లో జార్జి డాన్ దానిని కాథరాంథస్ అను వేఱు జాతిలోనికి మార్చెను. బిళ్ళగన్నేరు మడగాస్కర్ ద్వీపపు బిడ్డ. దాని ఆకులనుండి 1958 ప్రాంతమున కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనువారు వేఱుపఱచిన విన్‌బ్లాస్టిన్ నేటికిని కాన్సరు చికిత్సలో వాడబడుచున్నది. అది ఎండను కోరునది, నిటారుగా పెరుగునది, నేలకప్పుటకు పనికిరాదు. ఐరోపా దాయాది అందుకు భిన్నముగా నీడను కోరి నేలను హత్తుకొనును. అమెరికాకు వలసపోయినవారు దీనిని వెంటగొనిపోయి ఇండ్లముంగిళ్ళను సమాధులపైనను నాటిరి. ఇండ్లు కూలి, సమాధిఫలకములు మాసి, అడవి మరల క్రమ్ముకొన్న పిమ్మట కూడ ఆ తీగ అచటనే నిలిచియుండుటచే, అడవి నడుమ నీలిపువ్వుల తివాచి కానవచ్చిన తావున పూర్వమొక శ్మశానమో ఇల్లో యుండెనని ఆ దేశమున చరిత్రాన్వేషకులు ఊహింతురు. మానవుని స్మృతికంటె మొక్క స్మృతి దృఢతరమైనదనుటకు ఇంతకంటె సాక్ష్యము దొరకదు. విత్తనముచే దూరతీరములకు ఎగిరిపోవునది కాకున్నను, నాటినచోటనుండి అంగుళమంగుళము జరుగుచు అచటి స్థానికపు అడవిపువ్వులను త్రొక్కివేయుట చేత, ఆ దేశమున పెక్కుచోట్ల దీనిని ఇపుడు అవాంఛితముగా పరిగణించుచున్నారు.

ఐవీ తీగ కథ ఇట్టిదే గాని మఱింత తీవ్రమైనది. ఐరోపా, పశ్చిమాసియాలకు చెందిన ఈ తీగకు బాల్యప్రౌఢావస్థలు రెండును రెండు వేఱు మొక్కలవలె నుండును. నేలపై ప్రాకునపుడు ఆకులు అయిదు మొనలు తేలియుండును, పూత యుండదు. చెట్టునో గోడనో ఎక్కి వెలుగును చేరిన కొమ్మలు ప్రౌఢత్వము నొంది, మొనలు లేని ఆకులు తొడిగి, శరత్కాలమున పూచి నల్లని పండ్లు కాచును. ఆ పండ్లను పక్షులు తిని విత్తనములను ఊరూర పంచును. కావున నేలపైనున్నంతకాలము సాధువైన ఈ తీగ చెట్టెక్కిన నాటినుండి ప్రమాదకారి యగుచున్నది. ఒరెగాన్ రాష్ట్రమున దీని అమ్మకమును 2010లో నిషేధించిరి. పోర్ట్‌లాండ్ నగరపు అటవీ ఉద్యానమున స్వచ్ఛందసేవకులు చెట్ల మొదళ్ళ చుట్టును దీనిని కోసివేయుట నిత్యకృత్యమైనది. కోయువారు చేతితొడుగులు ధరింపవలెను. దీని రసము చర్మమునకు దురదను పొక్కులను కలిగించును.

తూర్పు ఆసియానుండి వచ్చిన నేలకప్పులు వీనికంటె మర్యాద యెఱిగినవి. వానిలో రెండు పాశ్చాత్యుల ఎఱుకకు వచ్చుట నాగసాకి రేవునందలి దెజిమా అను చిఱుదీవి ద్వారముననే జరిగెను. జపాను తలుపులు మూసికొనియున్న ఆ కాలమున డచ్చివారికి మాత్రమే ఆ దీవిపై నివాసముండెను. లిన్నేయస్ శిష్యుడైన థన్‌బెర్గ్ 1775లోను, జర్మనుడైన సీబోల్ట్ 1823లోను డచ్చివారి వైద్యులుగా అచటికి చేరి, మందులిచ్చుచు మొక్కలు సేకరించిరి. సీబోల్ట్, జుక్కరీని అను మఱొక శాస్త్రజ్ఞునితో కూడి పేరిడిన పాకిసాండ్రా టెర్మినాలిస్ కాడల కొనలయందు ఆకులను గొడుగువలె గుంపుగా తొడుగు మొక్క. పేరునకు అర్థము లావైన కేసరములు గలదని. జపానీయులు దీనిని సిరిసంపదల మొక్క అను అర్థము గల ఫుక్కిసో అను పేర పిలుతురు. 20 మొదలు 30 సెంటీమీటర్ల ఎత్తున, నేలలోపలి కాండములతో సమముగా వ్యాపించి, ఎవరో కత్తిరించి సరిచేసినట్లు కానవచ్చును. కొంచెము పులుపైన, ఆకుకుళ్ళు గల నేల దీనికి హితము. ఎండ తగిలిన ఆకులు పసుపుబారును. ఐశ్వర్యమునకు ఒక శత్రువు కలదు: వాలుటెల్లా అను శిలీంధ్రము ఆకులపై గోధుమవర్ణపు వలయములు గీచి కాడలను ఎండించును. ముక్కలనుండి ప్రవర్ధనము చేయబడుటచే ఒక తోటలోని మొక్కలన్నియు తఱచుగా ఒకే మొక్క ప్రతిరూపములై యుండును. ఒకదానికి లొంగిన తెగులునకు అన్నియు లొంగుటలో ఆశ్చర్యము లేదు. ఇదే జాతికి చెందిన మఱొకటి, పాకిసాండ్రా ప్రొకంబెన్స్, అమెరికా ఆగ్నేయభాగపు అడవులలో సహజముగా పెరుగును. నెమ్మదిగా వ్యాపించునదగుటచే వర్తకులకు ఇష్టము కాలేదు.

థన్‌బెర్గ్ వర్ణించిన ఓఫియోపోగాన్ జపోనికస్ తెలుగునాట కూడ చూడదొరకునది కావున దానిని గూర్చి కొంత విరివిగా చెప్పవలసియున్నది. 1807లో కెర్ గాలర్ దీనికొక ప్రత్యేకజాతిని కల్పించి, గ్రీకు భాషలో సర్పశ్మశ్రువు, అనగా పాము గడ్డము, అను అర్థము వచ్చు పేరిడెను. అది జపానీయుల జానోహిగె అను పేరునకు మక్కికి మక్కి అనువాదమే. వారికే దీనికి డ్రాగన్ గడ్డమని మఱొక పేరును కలదు. చూపునకు ముదురాకుపచ్చని గడ్డి. జాతికి గడ్డి కాదు. ఆకులు సన్ననివై వంపుతిరిగి, ఒకదానిపై నొకటి వాలి, నేలపై అలలవలె పరుచుకొనును. వేసవి యారంభమున ఆకుల మధ్య దాగి తెల్లని, లేత ఊదారంగు పువ్వులు తలవంచుకొని పూచును. పిమ్మట కానవచ్చు నీలిముత్యములవంటి వానిని అందఱును పండ్లనుకొందురు. నిజమునకు అండాశయపు గోడ ముందుగానే చీలిపోగా దిసమొలతో పండు విత్తనములవి. వేళ్ళయందు అచటచట ఊరిన కండెలవంటి దుంపలను చీనా వైద్యులు మైదోంగ్ అను పేర పొడిదగ్గునకును గొంతు ఆర్చుకొనిపోవుటకును వాడుదురు. సిచువాన్, చెజియాంగ్ మండలములలో ఈ దుంపలకై దీనిని పైరుగా పండించుచున్నారు. తోటలో నేలకప్పు, పొలములో ఔషధము. నడకరాళ్ళ సందులలో నాటుటకు జపానీయులు వ్రేలెడెత్తు పెరుగు గ్యోకుర్యూ అను పొట్టిరకమును పెంపొందించిరి. సమీపజాతియైన ప్లానిస్కాపస్‌లో దాదాపు నల్లని ఆకుల రకమును కలదు, అదియు నల్ల డ్రాగన్ పేరనే ప్రసిద్ధము. దీని సోదరియైన లిరియోపె అమెరికా దక్షిణరాష్ట్రములలో బాటల అంచులయందు అంతటను కానవచ్చును. మన కడియము, కడియపులంక నర్సరీలలో మోండో గడ్డి యను పేర నల్లసంచులలో దొరకునది ఓఫియోపోగానే. అడిగినవారితో అమ్మువారు ఎండలోనైనను నీడలోనైనను పెరుగునని చెప్పుదురు, చెప్పుట వర్తకధర్మము. మన ఎండలలో, నీరు తప్పెనా, ఆకుల కొనలు కాలినట్లు ఎండును. గోడనీడలోను కుండీల చెంతను నూతి చప్టా ప్రక్కను మాత్రము చక్కగా నిలుచును.

నాటకయే లభించిన భూచ్ఛాదనమునకు జగత్ప్రసిద్ధమైన ఉదాహరణము క్యోటో నగరమున సైహోజీ అను బౌద్ధాలయము. దాని తోటను 1339లో ముసో సొసెకి అను జెన్ గురువు తీర్చిదిద్దెను. ఆతని సంకల్పమున నాచు లేదు. అనంతరకాలమున ఆలయము పాడుపడి, తోటను పట్టించుకొనువారు లేక, చెట్లు గుబురై, చెమ్మ నిలిచిన నేలను నాచు తనంతట తాను ఆక్రమించెను. నేడు సుమారు 120 రకముల నాచులు అచట కలవందురు; ఆలయమునకు నాచుగుడి యను అర్థము గల కొకెదెరా అనునదే వ్యవహారనామమైనది. జనసమ్మర్దమునకు నాచు ఓర్వదని 1977నుండి ముందుగా అనుమతి కోరినవారినే లోనికి రానిచ్చుచున్నారు. అచటి పని నాటుట కాదు, రాలిన ఆకును చీపురుతో నాచు లేవకుండ ఊడ్చుట. ఊడ్వనిచో ఆకుల క్రింద వెలుగు చాలక నాచు చచ్చును. ఈ విషయమును మరల ప్రస్తావింపవలసి వచ్చును.

ఇపుడు మన దేశమునకు వత్తము. శీతలదేశమున నిత్యహరితమునకు పరీక్షాకాలము హేమంతము: నేలలోని నీరు గడ్డకట్టి వేళ్ళకు అందకుండగా, పొడిగాలి ఆకులనుండి నీటిని లాగివేయును, పైన మంచు కప్పియున్నచో అదియే దుప్పటియై కాపాడును. మన పరీక్ష రోహిణి కార్తె. ఆ రెండు వారములు పచ్చగా నిలిచినది మనకు నిత్యహరితము. నిలువనిది ఎంత అందమైనదైనను అతిథి. భూచంపకము, పసుపు మొదలగు దుంపమొక్కల సుందరులు వానకాలమున నీడను ఎంత పచ్చగా నింపినను, చలికాలమునకు ఆకు వదలి భూమిలో నిద్రించును గనుక ఈ వ్యాసవిషయమునకు వెలుపలివే.

ఎండిన నీడకు, అనగా వేప, చింతల క్రింది నేలకు, తెలుగునాట పుట్టిన సమాధానము చాగ. తూర్పుతీరపు మెట్టపొదలలో, ముండ్లచెట్ల క్రింద, ఎవరును నీరు పోయనిచోట ఇది గుంపులు గుంపులుగా పెరుగును. ఆకులు కత్తులవలె నిలువుగా, లోపలికి దోనెవలె వంగి, ముదురుపచ్చని చారలు కలిగియుండును; నేలలోపల ప్రాకు కొమ్మునుండి పిలకలు లేచును. ఆకులలోని నార మిక్కిలి గట్టిది. దీనితో పూర్వము వింటినారులు పేనిరి. వింటినారికి సంస్కృతమున మౌర్వి యను పేరు మూర్వ యను మొక్కనుండి వచ్చినది. ఆ మూర్వ ఇదియేయని కొందఱు, కాదని కొందఱు పండితులు వాదింతురు. దీని శాస్త్రీయనామమున నిలిచినది విలియం రాక్స్‌బర్గ్ పేరు. ఆతడు 1781 మొదలు సామర్లకోటలో కుంఫిణీ వైద్యుడుగా నుండి కోరమాండల్ తీరపు మొక్కలను చిత్రింపజేసి వర్ణించిన మహనీయుడు. దెజిమాలోని ఇరువురివలెనే ఈతడును చికిత్స జీవనముగను మొక్కలు జీవితముగను గడిపినవాడే. ఇంతటి చరిత్ర గల చాగను మనవారు పెరటిలో నాటుట అరుదు. దీని ఆఫ్రికా దాయాదిని మాత్రము పింగాణీకుండీలో పెట్టి హాలులో నిలుపుదురు.

చెమ్మ గల నీడకు పిప్పలి శ్రేష్ఠము. హృదయాకారపు ఆకులతో, కణుపుకణుపునను వేరూని ప్రాకు ఈ తీగ చెట్టునీడను కోరును. శొంఠి, మిరియములతో కూడి త్రికటుకమైన ఈ పిప్పలి పేరే గ్రీకు, లాటిను భాషలలో మాఱి మాఱి ఇంగ్లీషు పెప్పర్ అయ్యెను. విశాఖ మన్యమున చింతపల్లి, పాడేరు ప్రాంతపు గిరిజనులు దీనిని కాయలకంటె వేళ్ళకై, పిప్పలిమోడి కొఱకై, పెంచుదురు; ఒకమారు నాటిన మడి చాల ఏండ్లు నిలుచును. పెరటిలో నాటినవారికి నేల కప్పబడుటయే కాక జలుబు చేసినపుడు కషాయమునకు సరకు దొరకును. స్నానపు నీరు పాఱుచోటను నూతిగట్టు వారను సరస్వతి ఆకు బాగుగా పఱచుకొనును. దానికి వెలుగు కొంత యెక్కువ కావలెను, చెమ్మ ఎన్నడును తప్పరాదు. ఊదారంగు ఆకుల హెమిగ్రాఫిస్, దక్షిణాఫ్రికానుండి వచ్చిన తెల్లచారల క్లోరోఫైటమ్, చిన్నజాతి ఫెర్నులు గోడనీడకు తగినవి. నీడలో పెంచుట మనకు క్రొత్త విద్య కాదనుటకు ఆకుతోటలే సాక్ష్యము. పొన్నూరు ప్రాంతపు రైతు తమలపాకు తీగకు ఆధారముగను నీడగను అవిసెను పెంచి, కొమ్మ ఎంత నఱకిన ఎంత వెలుగు దిగునో కొలబద్ద లేకయే ఎఱిగియుండును.

నాటు విధానమున మొదటి నియమము చెట్టునకు అపకారము చేయకుండుట. చెట్టు క్రింద నాగలి, పలుగు పెట్టరాదు. వేళ్ళమీద అడుగులెత్తున మట్టి పోయరాదు, పోసినచో వేళ్ళకు గాలి అందక రెండుమూడేండ్లకు చెట్టే ఎండనారంభించును. బొరిగెతో వేళ్ళ సందులు వెదకి, పిడికిలి పట్టునంత గుంత తీసి, చివికిన ఆకుటెరువు వేసి, చిన్నమొక్కనే నాటవలెను. పెద్దమొక్క కొనుట ఇచట ధనవ్యయమే కాక నష్టమును. దాని వేరుముద్దకు తగిన గుంత తీయుటకు చెట్టువేళ్ళను నఱుకవలసి వచ్చును. కలుపును, ముఖ్యముగా తుంగను, ముందే వేళ్ళతో సహా తీసివేయవలెను. మొక్కలు అల్లుకొన్న పిదప వాని నడుమనుండి తుంగగడ్డలు తీయుట జపమాలనుండి పూసలు తీయుట వంటిది. ఎడము 30 సెంటీమీటర్లైనచో చదరపు మీటరునకు 11 మొక్కలును, 20 సెంటీమీటర్లైనచో 25 మొక్కలును, 15 సెంటీమీటర్లైనచో 44 మొక్కలును పట్టును. అడ్డవరుసలలో మూలకు మూలగా నాటినచో ఇంకొక ఆఱవ వంతుకు కొంచెము తక్కువ హెచ్చును. ఈ లెక్క వేయక నర్సరీకి పోయినవారు మూడుమార్లు పోవలసి వచ్చును. మన ప్రాంతమున నాటుటకు ఆరుద్ర కార్తె సరియైన అదను. నాటిన మొక్కల నడుమ రెండంగుళముల మందమున ఎండాకు పఱచి, వానలు వెనుదీసిన నాటినుండి మొదటి రెండు వేసవులును నీరు తప్పనీయరాదు. మొదటి సంవత్సరమున పైకి ఏమియు జరుగుచున్నట్లు కానరాదు. పని అంతయు నేలలోపలనే జరుగును. ఈ దశలోనే చాలమంది విసిగి మొక్కను మార్చుదురు, మార్చినదానికిని అదే గతి పట్టించుదురు.

నిలద్రొక్కుకొన్న పిదప సేవ స్వల్పము గాని శూన్యము కాదు. వేప రాల్చు చిన్న ఆకులు కప్పు సందులలోనికి దిగి అచటనే ఎరువగును. మామిడి, బాదము, టేకు ఆకులు పళ్ళెములవలె పైన పడి నాచుగుడిలో నాచును చంపినట్లే క్రిందివానిని చంపును గనుక తీసివేయవలెను. గుబురున పురుగుపుట్ర చేరునని పెద్దలు చెప్పు అభ్యంతరము త్రోసివేయదగినది కాదు. పాము గడ్డమను పేరును విని నవ్వుకొనినను, గడప చెంతను పిల్లలు తిరుగు దారిని వ్రేలెడెత్తు మొక్కలనే ఉంచి, ఎత్తైనవానిని ప్రహరి వైపు నాటుట వివేకము. పామునకంటె నిత్యశత్రువు నత్త. 1847లో బెన్సన్ అను శంఖశాస్త్రజ్ఞుడు మారిషసునుండి తెచ్చి కలకత్తాలో విడిచిన ఆఫ్రికా రాక్షసినత్త నేడు దేశమున పెక్కుచోట్ల కానవచ్చుచున్నది. అది పగలెల్ల ఈ చల్లని కప్పు క్రింద దాగి రాత్రి కూరమళ్ళపై పడును. వానకాలపు సాయంకాలమున దీపము పట్టుకొని ఏరుట తప్ప సులభోపాయము లేదు.

ఆ నత్తయు, మన వీథుల నడుమ పసుపుపచ్చని పువ్వులతో పరచుకొను వెడీలియా తీగయు ప్రపంచమునందలి 100 దుష్టతమ ఆక్రమణజాతుల పట్టికలో రెండును చోటు సంపాదించుకొన్నవి. వెడీలియా అమెరికా ఉష్ణమండలపుది. ఎండను మెచ్చునదైనను అరనీడను ఓర్చును, వ్రేలెడు ముక్క చాలును, ఒక వానకు అల్లుకొనును. ఈ వేగము వలననే నగరోద్యానములవారు దీనిని కోరిరి. చారల ట్రెడెస్కాంషియా, బాణపుటాకుల సింగోనియమ్ తీగయు ఇట్టివే. సింగోనియమ్ ఐవీవలెనే నేలపై ఒక రూపును, మ్రానెక్కిన పిమ్మట మఱొక రూపును దాల్చును. ట్రెడెస్కాంషియాలో మఱొక జాతి దక్షిణ అమెరికానుండి న్యూజీలండునకు చేరి, అచటి అడవిముక్కల నేలను మందపు పరుపువలె కప్పి, చెట్లగింజలు మొలకెత్తినను వెలుగు చూడనీయక చేయుచున్నది. ఆ దేశమున అది విత్తనమే కట్టదు. కాలువనీట కొట్టుకొనిపోయిన ముక్కలే, తోటమాలి గోడదాటించి విసరిన చెత్తయే దాని వ్యాప్తికి మార్గములు. నీడలో త్వరగా నేల కప్పవలెనని మనము మొక్కనందు వెదకు గుణమునకును, అడవిని మ్రింగు గుణమునకును నడుమ నున్నది ప్రహరిగోడ మాత్రమే. అందుచేత తీసివేసిన తీగముక్కలను చెఱువుగట్టునను ఏటివొడ్డునను పాఱవేయక, నల్లని సంచిలో కట్టి మూడు నాలుగు వారములు మండుటెండలో నుంచి, పూర్తిగా కుళ్ళిన పిదపనే ఎరువుకుప్పలో కలుపవలెను.